అట్టపెట్టెలో అవధానం

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో ఏ కంసాలి ఇంటి పిల్లవాణ్నయినా నిలబెట్టి అడగండి. హాల్‌మార్కు అంటే ఏమిటో, వేస్టేజీ ఎంత వేస్తారో, మేకింగ్ చార్జీ ఏ నగకు ఎక్కువో గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. అవి ఇంగ్లీషు మాటలన్న సంగతి వాడికి తట్టనే తట్టదు. పులివెందుల పక్క పల్లెకు పోయి అరటితోట ఉన్న రైతు కూతుర్ని అడగండి. డ్రిప్పు, లేటరల్, ఫిల్టరు, వెంచురీ, టిష్యూకల్చరు అని వరసపెట్టి చెప్పి, వాటిలో ఏది మొరాయిస్తే ఏం చేయాలో కూడా చెబుతుంది. వాళ్ల తోటలో పెరిగేది జీ నైన్ రకం. దాని పూర్తి పేరు గ్రాండ్ నైన్, అది ఫ్రెంచి మాట. 'పెద్ద పొట్టిది' అని అర్థం. అంటే పులివెందులలో గెలల బేరం చేసే పెద్దాయన ఏళ్ల తరబడి ఫ్రెంచి మాట్లాడుతున్నాడు. ఎవరూ సర్టిఫికెట్టు ఇవ్వలేదంతే.

ఇదే పిల్లలు సాయంత్రం ఇంట్లో కూచుని, పాఠం చివర ఇచ్చిన కొత్త మాటలను ఒక్కొక్కటి పదిసార్లు రాస్తారు. శనివారం పరీక్షలో చాలావరకు వచ్చేస్తాయి. దసరా సెలవులు పోయి బడి తెరిచేసరికి నోట్సులో తప్ప ఎక్కడా ఉండవు. ప్రొద్దుటూరు అమ్మవారిశాల గుడి ముందు పండగ రోజులన్నీ తిరిగినవాడికి ఏ రోజు ఏ అలంకారమో గుర్తుంటుంది గానీ 'డెకరేషన్' స్పెల్లింగు గుర్తుండదు. మనం వాడి తలకాయను తిట్టుకుంటాం. తిట్టాల్సింది మనం మాటను చేతికిచ్చిన పద్ధతిని. హాల్‌మార్కు అన్న మాట వాడికి నాన్న కూర్చునే చోట, వేళ్ల మధ్య ఉంగరంతో, ఎదుట బేరమాడే మనిషితో కలిసి దొరికింది. డెకరేషన్ గీతల కాగితం మీద ఒంటరిగా దొరికింది.

ఈ అధ్యాయంలో మాటకు చోటు చూపించే పని పెట్టుకుందాం. దానికి వర్చువల్ రియాలిటీని, అందరూ వీఆర్ అనేదాన్ని, కాస్త వాడుకుందాం. కాస్త అని ఎందుకన్నానో చివరికి మీకే తెలుస్తుంది.

పెట్టె లోపల

వీఆర్ కిటుకు చాలా చిన్నది. ఎడమ కంటికి ఒక బొమ్మ, కుడి కంటికి అదే బొమ్మ కొద్ది తేడాతో. తల తిప్పితే బొమ్మా తిరుగుతుంది. అంతటితో మెదడు 'నేను అక్కడున్నాను' అని ఒప్పేసుకుంటుంది. దీనికి లక్షల రూపాయల యంత్రం అక్కర్లేదని 2014లో గూగుల్ పారిస్ ఆఫీసులో ఇద్దరు ఇంజనీర్లు చేసి చూపించారు. మడిచిన అట్ట, రెండు కటకాలు, మధ్యలో మన ఫోను. దానికి కార్డ్‌బోర్డు అనే పేరు పెట్టారు. మన ప్రాంతంలో ఒక మామూలు బడికి, ఒక మామూలు ఇంటికి అందుబాటులో ఉండేది ఇదే కాబట్టి నేను ఈ అట్టపెట్టెనే మనసులో పెట్టుకొని రాస్తున్నాను. మెటా కంపెనీ తయారుచేసే క్వెస్ట్ లాంటి ఖరీదైన వీఆర్ పెట్టె దొరికితే ఇంకా మంచిదే, చేతులు కూడా ఆటలోకి వస్తాయి. లేకున్నా నష్టమేమీ లేదు.

తయారుగా దొరికే భాషాపాఠాలు లేకపోలేదు. రొమేనియాలో పుట్టిన మోండ్లీ అనే కంపెనీ 2017లోనే వీఆర్ పాఠం తెచ్చింది. టాక్సీ ఎక్కుతాం, హోటల్లో గది అడుగుతాం, రైల్లో ఎదుటి మనిషితో మాట కలుపుతాం. బాగానే ఉంటుంది. కానీ జమ్మలమడుగులో ఏడో తరగతి చదివే పిల్లకు విదేశీ హోటలు గుమాస్తాతో ఏం పని? ఆ చోటు ఆమెది కాదు. ఆమెకు తెలిసిన చోట తెలియని మాట పెట్టాలి. తెలియని చోట తెలియని మాట పెడితే రెండూ కలిసి జారిపోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. బడిపిల్లల కోసం గూగుల్ తెచ్చిన ఎక్స్‌పెడిషన్స్ అనే యాప్‌ను 2021లో మూసేశారు. దాన్ని నమ్ముకున్న టీచర్లు మళ్లీ దారి వెతుక్కోవాల్సి వచ్చింది. అద్దె ఇంటికి ఎవరూ కడపబండలు పరిపించరు కదా.

ఇంతకీ ఇది పనిచేస్తుందా? అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో అన్నిటికంటే నిజాయితీ ఉన్న జవాబు. స్పానిష్ మాటలు నేర్పడానికి మూడు దారులు పెట్టారు. ఒక జట్టుకు మాటలు రాసి చూపించారు, అంతే. ఇంకో జట్టు వీఆర్ లోకంలోకి పోయి మాటను చూసింది. మూడో జట్టు వీఆర్‌లోనే ఆ మాట చెప్పే పనిని చేతులతో చేసింది. వెంటనే పరీక్ష పెడితే ఎవరు గెలిచారనుకుంటున్నారు? రాసింది చదువుకున్నవాళ్లు! అవును, మన పదిసార్లు రాసే పద్ధతికి దగ్గరి చుట్టం. వారం పోయాక మళ్లీ పరీక్ష పెట్టారు. ఈసారి చేతులతో చేసినవాళ్ల దగ్గర ఎక్కువ మాటలు మిగిలాయి. ఒక పనిని ఎంత ఎక్కువసార్లు చేస్తే ఆ మాట నిలిచే అవకాశం అంత పెరిగింది. ఊరికే వీఆర్‌లో చూసినవాళ్లకు మటుకు ఆ ఫలం దక్కలేదు.

ఈ ఒక్క ప్రయోగంలో మన ఇళ్లలో జరిగే గొడవంతా ఉంది. శనివారం మార్కులు చూసి 'చూశారా, రాస్తే వస్తుంది' అనే తండ్రి చెప్పేదీ నిజమే. సెలవుల తర్వాత 'ఏమీ గుర్తులేదే' అని తల పట్టుకునే తల్లి చెప్పేదీ నిజమే. ఇద్దరూ వేర్వేరు రోజుల్లో కొలిచారు.

పెట్టె పెట్టుకుంటే చాలదన్న మాటకు ఇంకో సాక్ష్యం 2019లో కోపెన్‌హేగన్ నుంచి వచ్చింది. గీడో మక్రాన్‌స్కీ, ఆయనతో పనిచేసినవాళ్లు ఒకే సైన్సు ల్యాబు పాఠాన్ని కొందరికి మామూలు తెర మీద, కొందరికి వీఆర్‌లో చూపించారు. వీఆర్‌లో ఉన్నవాళ్లకు అక్కడే ఉన్నామన్న భావన ఎక్కువ కలిగింది, నేర్చుకున్నది మాత్రం తక్కువ. తిరునాళ్లకు పోయినవాడికి రంగులరాట్నం గుర్తుంటుంది, కొనుక్కురమ్మన్న సామాను మరిచిపోతాడు. ఇదీ అంతే.

కాబట్టి పెట్టె చోటు ఇస్తుంది. ఆ చోట మాటను పట్టుకొనే పని వేరే ఉంది. దానికోసం అమెరికా దాకా పోనక్కర్లేదు.

ప్రొద్దుటూరుకు తెలిసిన విద్య

దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి, సి.వి. సుబ్బన్న శతావధాని. ఈ ముగ్గురు అవధానులూ ప్రొద్దుటూరులో బతికినవాళ్లే. పద్నాలుగు భాషలు తెలిసిన పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవం రాసింది ఈ ఊరి అగస్త్యేశ్వరుడి గుడిలో. ఒకే ఊళ్లో ఇంత జ్ఞాపకశక్తి పోగుపడితే, మనం పిల్లలకు మెమరీ కోర్సులు ఎక్కడెక్కడినుంచో తెప్పించడం నాకు కొంచెం నవ్వు తెప్పిస్తుంది.

అష్టావధానం ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఒక్కసారి పిల్లల్ని తీసుకుపోయి కూచోబెట్టండి. అవధాని చుట్టూ పృచ్ఛకులు. ఒకరు పద్యంగా పూరించమని సమస్య ఇస్తారు, ఒకరు ఫలానా అక్షరం వాడొద్దంటూ నిషిద్ధాక్షరి, ఒకరు తామిచ్చిన మాటలు పద్యంలో ఇమడాలంటూ దత్తపది. మధ్యలో ఎవరో గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో చివర్లో చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు సమయం సందర్భం లేకుండా 'స్వామీ, మీ ఊళ్లో దోసెకు కారం ఎక్కువేస్తారటగా' అంటూ అడ్డం పడతాడు. ఆయనకూ నవ్వుతూ జవాబు చెప్పాలి. అందరి పూరణలూ అయ్యాక ధారణ: అన్ని పద్యాలూ కాగితం లేకుండా ఒప్పజెప్పాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది వ్యస్తాక్షరి. ఒక పృచ్ఛకుడు తన మనసులో ఉన్న వాక్యంలోంచి ఒక్కో అక్షరాన్ని, వరస తప్పించి, ఎప్పుడు తోస్తే అప్పుడు ఇస్తుంటాడు. ఇప్పుడు తొమ్మిదో అక్షరం, కాసేపటికి రెండోది, ఆ తర్వాత పద్నాలుగోది. అవధాని ఏ అక్షరాన్ని ఆ గూట్లో పెట్టుకుంటూ, చివర్లో వాక్యం మొత్తం చదువుతాడు. ఇంగ్లీషు స్పెల్లింగుకు ఇంతకంటే మంచి కసరత్తు ఏ యాప్‌లోనూ నాకు దొరకలేదు. పదిసార్లు రాసేటప్పుడు చెయ్యి రాస్తుంది, మనసు క్రికెట్ స్కోరు దగ్గర ఉంటుంది. వ్యస్తాక్షరిలో అలా కుదరదు. గూడు ఖాళీగా కనబడుతూనే ఉంటుంది.

అవధానం, అట్టపెట్టె. ఈ రెంటినీ కలిపి ఒక ఆట కడదాం.

గండికోట ఆట

జమ్మలమడుగు నుంచి బస్సెక్కితే కాసేపట్లో గండికోట. పెన్న కోసిన ఎర్రరాతి లోయ, దాని అంచున కోట. ఇంటర్నెట్‌లో అందరూ దాన్ని అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోలుస్తుంటారు. మన పిల్లలకు అది చుట్టాలతో కలిసి పులిహోర తిన్న చోటు. ఆటకు కావలసింది ఆ రెండోదే.

ముందు బొమ్మలు. కోటలో ఆరు చోట్ల నిలబడి చుట్టూ తిరిగి కనబడే 360 డిగ్రీల ఫొటోలు తీయించండి: ముఖద్వారం, జైలు, జామియా మసీదు ఎదుట, ధాన్యాగారం లోపల, మాధవరాయస్వామి గుడి, పెన్న లోయ అంచు. కొన్ని ఫోన్లలోనే ఈ వసతి ఉంటుంది. లేకపోతే పెళ్లి వీడియోలు తీసే స్టూడియోవాళ్లను అడగండి, ఈ మధ్య ఆ చిన్న కెమెరాలు కొందరి దగ్గర కనబడుతున్నాయి. లోయ అంచు ఫొటో మటుకు పెద్దవాళ్లే తీయాలి.

తర్వాత మాటలు. పన్నెండు చాలు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు, వస్తువుల పేర్లన్నీ పోగేస్తారు. చేసే పనులు కలపకపోతే ఎంఐటీవాళ్ల మూడో జట్టు ఫలం మనకు రాదు. నేను ఎంచుకునేవి ఇవి: ఆర్చ్, పిల్లర్, గ్రానరీ, ప్రిజన్, గార్జ్, ఎడ్జ్, పనుల్లో బెండ్, క్లైంబ్, కౌంట్, లీన్, గుణాల్లో స్టీప్, రూయిన్డ్. గ్రానరీ మన పిల్లలకు కొత్తగా వినబడుతుంది గానీ గాదె అనగానే వెలుగుతుంది. అంత పెద్ద గాదె కోటలో ఎందుకు కట్టారని అడిగితే, ముట్టడి అనే ఇంకో మాటకు దారి దొరుకుతుంది. ఆ దారిలో పోవాలా వద్దా అన్నది మీ సమయాన్ని బట్టి.

ఇప్పుడు మనుషులు. పెట్టె ఒకటే, పిల్లలు ఐదుగురు. ఒకటే ఉందని బాధపడకండి, ఆటకు ఊపిరి అదే. కెనడాలో 2015లో తయారైన 'కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్' అనే ఆట ఈ సూత్రం మీదే నడుస్తుంది. పెట్టెలో ఉన్నవాడికి బాంబు కనబడుతుంది, దాన్ని ఎలా విప్పాలో తెలియదు. బయట ఉన్నవాళ్ల చేతిలో విప్పే పుస్తకం ఉంటుంది, బాంబు కనబడదు. మాటలతోనే ఒకరినొకరు కాపాడుకోవాలి. భాష నేర్పడానికి అద్భుతమైన ఏర్పాటు. బాంబు మాత్రం వద్దు. మన వైపు ఆ మాటకు ఇంకా నవ్వులాట అర్థం రాలేదు.

మన ఆటలో పెట్టె పెట్టుకున్నవాడు అవధాని. వాడు కుర్చీలో కూచుని కోటలో ఉంటాడు. చుట్టూ నలుగురు పృచ్ఛకులు. మొదటి పిల్ల చేతిలో కాగితం మీద గీసిన కోట పటం ఉంటుంది, దారి చెప్పేది ఆమె: 'లుక్ అప్. డూ యూ సీ ది ఆర్చ్? పాయింట్ టు ఇట్.' అవధాని తల ఎత్తాలి, చెయ్యి చాపాలి. 'బెండ్' అంటే వంగాలి, వాకిలి తక్కువ ఎత్తు ఉన్నట్టు. 'కౌంట్ ది పిల్లర్స్' అంటే వేలితో గాల్లో లెక్కబెట్టాలి. అట్టపెట్టె చేతుల్ని చూడలేదు, పరవాలేదు. చేతులు కదిలాయా లేదా అని చూడ్డానికి మనమున్నాం. రెండో పిల్లవాడు వ్యస్తాక్షరి. 'ఫోర్త్ లెటర్, ఎన్' అంటాడు ద్వారం దగ్గర. జైలు దగ్గర 'సెవెంత్ లెటర్, వై.' మసీదు దగ్గర 'ఫస్ట్ లెటర్, జీ.' ధాన్యాగారంలోకి పోయేసరికి ఏడు అక్షరాలూ పూర్తికావాలి, అవధాని మాట చెప్పి స్పెల్లింగు చదవాలి. మూడోవాడు అప్రస్తుత ప్రసంగి. క్లాసులో అల్లరి ఎక్కువ చేసేవాడికి ఈ పదవి ఇవ్వండి, జీవితంలో మొదటిసారి వాడి ప్రతిభకు గుర్తింపు దొరుకుతుంది. ఒకే షరతు, అడ్డదిడ్డం ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే అడగాలి. 'ఈజ్ దేర్ ఎ గోట్ ఇన్ ది ప్రిజన్?' అని వాడు అడిగితే, అవధాని చుట్టూ తిరిగి చూసి 'నో గోట్' అని చెప్పాలి. అంత చాలు. నాలుగో పిల్ల గంట: స్టీలు గిన్నె, గరిటె. ఏ మాట ఎన్నిసార్లు సరిగ్గా వాడాడో రాసుకోవడం కూడా ఆమె పనే.

తెలుగు నిషిద్ధమా? పూర్తిగా వద్దు. ఇరుక్కుపోయినప్పుడు 'ఇది యాడుందక్కా?' అని ఒకసారి అడగనివ్వండి. జవాబు మాత్రం ఇంగ్లీషులో రావాలి. నోరు మూయించి నేర్పిన భాష నోటికి రాదు.

ఏడు నిమిషాలు. అంతకు మించి వద్దు. పెట్టె తీసేసి, కళ్లు మూసుకొని ధారణ: ద్వారం నుంచి మొదలుపెట్టి లోయ దాకా మనసులో నడుస్తూ పన్నెండు మాటలూ చెప్పాలి. మరిచిపోయిన చోట పృచ్ఛకులు మాట అందించకూడదు, చోటు అందించాలి: 'గాదె లోపల ఏం చేశావు?' అని. చాలాసార్లు మాట దానంతట అదే వస్తుంది, అలా వచ్చినది గట్టిగా నిలుస్తుంది. మరునాడు పెట్టె లేకుండా ధారణ. మూడు రోజుల తర్వాత ఒకసారి. వారం తర్వాత ఒకసారి, ఈసారి వెనకనుంచి ముందుకు. ఎనిమిదో తరగతి పిల్లలకు 2022 డిసెంబరులో ప్రభుత్వం ఇచ్చిన ట్యాబుల్లాంటిది ఇంట్లో ఉంటే, పెట్టె దొరకని రోజున అదే ఫొటోను వేలితో తిప్పుతూ ఆడుకోవచ్చు. కొంచెం చప్పగా ఉంటుంది గానీ ధారణ తప్పదు.

పులివెందుల తోట

ఆరో తరగతి నుంచి పిల్లల తలలో హిందీ, ఇంగ్లీషు ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. దీనికి వీఆర్‌లో ఒక చక్కని ఉపాయం ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజిలిస్ పరిశోధకులు 2022లో ప్రచురించిన ప్రయోగంలో స్వాహిలీ, చిన్యాంజా అనే రెండు ఆఫ్రికా భాషల మాటలు నేర్పారు. వినడానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఒక్కో భాషకు ఒక్కో వీఆర్ లోకం ఇచ్చినప్పుడు, ఆ లోకం నిజమని గట్టిగా అనిపించినవాళ్లకు వారం తర్వాత కూడా మాటలు బాగా నిలిచాయి, ఒక భాష ఇంకో భాషలోకి చొరబడడం తగ్గింది. అనిపించనివాళ్లకు ఆ లాభం లేదు.

కాబట్టి ఇంగ్లీషుకు గండికోట ఇచ్చేశాం, హిందీకి పులివెందుల చీనీతోట ఇద్దాం. తోటలో నిలబడి చుట్టూ ఫొటో తీస్తే చాలు. కోటలో ఎప్పుడూ హిందీ మాట్లాడకూడదు, తోటలో ఎప్పుడూ ఇంగ్లీషు రాకూడదు. ఇక్కడ ఒక తమాషా మొదలవుతుంది. మన పిల్ల చీనీకాయ అంటుంది. కోస్తావాళ్లు బత్తాయి అంటారు. హిందీలో మోసంబీ. ఇంగ్లీషులో స్వీట్ లైమ్ అనేవాళ్లూ ఉన్నారు, స్వీట్ ఆరెంజ్ అనేవాళ్లూ ఉన్నారు. పిల్ల 'చీనీ' అంటే తప్పు, 'బత్తాయి' అని దిద్దడం నేను చూశాను, ఒళ్లు మండింది. చీనీకాయను చీనీకాయ అననివ్వండి. తన మాట మీద సిగ్గుపడే పిల్ల ఇంకో భాష మాటను ధైర్యంగా నోట పెట్టుకోలేదు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, ఇక్కడే బంగళా కొని పండితులను పోషించిన సి.పి. బ్రౌన్, 1852లో అచ్చయిన తన నిఘంటువులో జనం మాట్లాడే మాటలకు చోటిచ్చాడు. ఇంగ్లీషువాళ్లు మన పందికొక్కును బాండికూట్ అని, మన రేగడిని రెగర్ అని తమ భాషలో కలుపుకున్నారు. ఈ సంగతి పిల్లలకు చెప్పి చూడండి, వెన్ను ఎంత నిటారుగా అవుతుందో.

ఈ ఫొటోలను ఆటగా అల్లేది ఎవరు? పులివెందులలో 2006 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడ కంప్యూటర్ చదివే పిల్లలకు ఏ-ఫ్రేమ్ అనే మాట చెప్పండి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు చేసిన మొజిల్లావాళ్లు 2015లో ఉచితంగా విడుదల చేసిన సాధనం అది. 360 ఫొటోను తెచ్చి ఆకాశంలా చుట్టూ పరచడానికి పట్టే కోడు ఒక పలక మీద రాసేంత. ఫొటోలో గాదె వైపు చూస్తే అక్షరం కనబడేలా చేయడానికి ఇంకో పలక. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం ఎవరి దగ్గరో కోడు కొనుక్కొనే బదులు, తాను చదివిన బడికి ఒక కోట కట్టిస్తే ఎంత బాగుంటుందో ఆ పిల్లలతో మీరే మాట్లాడండి. యాప్‌లు మూతబడినా ఆ కోట మన దగ్గరే ఉంటుంది.

కొన్ని జాగ్రత్తలు, నా పరువు

మొదటిసారి వీఆర్ పెట్టుకున్నప్పుడు నేను నిలబడే చూశాను. ఎదుట కొండ అంచు కనబడగానే, లేని కటకటాలను పట్టుకోబోయి, ఉన్న నీళ్లబాన మీద పడ్డాను. అందుకే కుర్చీ అంటున్నాను. చేతులున్న కుర్చీ అయితే మేలు. మూడడుగుల దూరంలో ఏ వస్తువూ ఉండకూడదు.

కొందరికి కడుపులో తిప్పుతుంది. భోజనం కాగానే వద్దు. 'అలవాటవుతుందిలే' అని బలవంతం చేయకండి, అలాంటి పిల్లకు దారి చెప్పే పటం ఇవ్వండి. నిజానికి ఆటలో ఎక్కువ ఇంగ్లీషు మాట్లాడేది ఆ పిల్లే. క్వెస్ట్ తయారుచేసే మెటా కంపెనీయే పదేళ్ల లోపు పిల్లలకు తమ పెట్టె వద్దని చెబుతోంది, మనం అట్టపెట్టెకూ ఆ గీతే పెట్టుకుందాం. ఒకరి ముఖం చెమట ఇంకొకరికి అంటకుండా ప్రతిసారీ గుడ్డతో తుడవాలి. కండ్లకలక తిరిగే రోజుల్లో పెట్టెకు సెలవు. మన మే నెల ఎండల్లో ఫోను పెనంలా కాలుతుంది, ఆట పొద్దున్నే పెట్టుకోండి.

ఫోను కొనకముందే చూసుకోవాల్సింది గైరోస్కోపు. చవక ఫోన్లు చాలావాటిలో ఉండదు. యూట్యూబులో ఏదైనా 360 డిగ్రీల వీడియో పెట్టి ఫోనును అటూ ఇటూ తిప్పండి. బొమ్మ మీతోపాటు తిరిగితే ఉన్నట్టు. వేలితో జరిపితేనే కదిలితే ఆ ఫోను అట్టపెట్టెకు పనికిరాదు.

ఇక అసలు భయం ఒకటుంది. 1975లో గాడెన్, బాడెలీ అనే ఇద్దరు పరిశోధకులు ఈతగాళ్లను నీళ్ల అడుగున ముంచి మాటల జాబితాలు నేర్పారు. నీళ్లలో నేర్చిన మాటలు నీళ్లలోనే బాగా గుర్తొచ్చాయి, గట్టుకు వస్తే తగ్గాయి. మన పెన్నలో అంత నీళ్లు ఉండే రోజులు తక్కువ కాబట్టి ఆ ప్రయోగం ఇక్కడ కుదరదు గానీ, అట్టపెట్టె కూడా ఒక మడుగే. అందులో నేర్చినది అందులోనే ఉండిపోవచ్చు. అందుకే నాలుగు ధారణల్లో ఒక్కటీ పెట్టెలో పెట్టలేదు. ఒకటి బడి వరండాలో, ఒకటి వంటింట్లో, ఒకటి బస్టాండులో చేయించండి.

ఇంకొకటి మిగిలింది. రెండు వారాలు కాగానే ఒక ఆదివారం పిల్లల్ని జమ్మలమడుగులో బస్సెక్కించి గండికోటకు తీసుకుపోండి. పెట్టె ఇంట్లోనే ఉండాలి, ఫోన్లు సంచిలో ఉండాలి. మీరేమీ అడగకండి. పులిహోర పొట్లాలు విప్పుకొని, పన్నెండు మాటల కాగితం ఒళ్లో పెట్టుకొని ఊరికే కూచోండి. ఏ పిల్లో తమ్ముడి చొక్కా వెనకనుంచి లాగి 'ఒరే, ఎడ్జ్ దగ్గరికి పోవాకు, స్టీప్‌గా ఉండాది' అని అరుస్తుంది. రెండు మాటల పక్కన టిక్కు తర్వాత పెట్టుకోవచ్చు, ముందు పోయి ఆ తమ్ముణ్ని వెనక్కి పిలవండి.